నాన్న మాట ఇచ్చేశారు, ఓటు మాత్రం నాది: ఎవరికి వేయాలి?

ప్రశ్న: మాది ఒక మండల కేంద్రం. నాకు 26 ఏళ్లు, కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. కార్తీక వనభోజనాల్లో మా కుల సంఘం పెద్దలు మైకు పట్టుకుని, వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో గంపగుత్తగా మనోడికే వేయాలని తీర్మానం చేశారు. మా ఇంట్లో ఐదు ఓట్లూ అతనికేనని నాన్నగారు అందరి ముందూ మాటిచ్చారు. ఆ మనిషి మీద కేసులున్నాయంటారు, ఏం కేసులో ఎవరూ చెప్పరు. ఎదుటి పార్టీ అభ్యర్థిది వేరే కులం, పనిమంతుడని పేరుంది. మా కులానికే చెందిన రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ఒకాయన ఇండిపెండెంట్‌గా నిలబడతారట. కులం చూసి ఓటేయడం తప్పా? చూడకుండా వేస్తే ద్రోహమా? బూత్ లెక్కల్లో అంతా తెలిసిపోతుందని బెదిరిస్తున్నారు కూడా. మా నానమ్మకు 82 ఏళ్లు, చూపు ఆనదు. సంఘం కుర్రాడే దగ్గరుండి ఆవిడ ఓటు వేయిస్తానంటున్నాడు. దయచేసి ఊరి పేరు, కులం పేరు వేయకండి.

సమాధానం: ముందు బెదిరింపు సంగతి చూద్దాం. ఆ భయం తీరకుండా మిగతాది ఎంత మాట్లాడుకున్నా బూత్ లోపలికి వెళ్లాక చేయి వణుకుతుంది.

మీరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. మీ బూత్‌లో ఏ గుర్తుకు ఎన్ని పడ్డాయో మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. ఈ రెండోదాన్ని చూపించి మొదటిదాని గురించి భయపెట్టడం పాత పద్ధతి.

పోలింగ్ రోజు జరిగేది ఇదీ. మొదటి అధికారి జాబితాలో మీ పేరు వెతికి పైకి చదువుతాడు. ఏజెంట్లు తమ కాగితం మీద టిక్కు పెట్టుకుంటారు. అంటే మీరు వచ్చారన్నది మాత్రం వాళ్లకు తెలుస్తుంది. తర్వాత వేలికి సిరా పెట్టి, 17-ఏ రిజిస్టర్‌లో మీ సీరియల్ నంబరు రాసి, సంతకం తీసుకుని చీటీ ఇస్తారు. ఆ చీటీ తీసుకున్న అధికారి కంట్రోల్ యూనిట్‌పై బటన్ నొక్కి మీకు మెషీన్ వదులుతాడు. మీరు అట్ట చాటుకు వెళ్లి మీట నొక్కగానే ఎర్రదీపం వెలుగుతుంది, వీవీప్యాట్ అద్దంలో చీటీ 7 సెకన్లు కనబడి డబ్బాలో పడిపోతుంది, బీప్ వినిపిస్తుంది. ఆ చీటీ మీద ఉండేవి అభ్యర్థి నంబరు, పేరు, గుర్తు మాత్రమే. మీ పేరు గానీ, మీ సీరియల్ నంబరు గానీ దాని మీద ఉండదు. మీరు ఎవరికి ఓటేశారో చెప్పమని కోర్టు బోనులో సైతం మిమ్మల్ని బలవంతపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ చెబుతోంది. ఫోన్‌తో ఫొటో తీసి పంపమని ఎవరైనా అంటే పని మరింత తేలిక. ఫోన్ లోపలికి రానివ్వరు, ఆ మాటే చెప్పండి.

బూత్ లెక్కల మాటకొస్తే, ఫలితాల తర్వాత రిటర్నింగ్ అధికారి ఫారం-20 అనే పట్టిక తయారుచేస్తారు. అందులో బూత్‌కు ఒక వరుస చొప్పున ప్రతి అభ్యర్థికీ పడిన ఓట్లుంటాయి. కాగితం బ్యాలెట్ల కాలంలో వేర్వేరు బూత్‌ల కాగితాలు కలిపేసి లెక్కపెట్టే వీలుండేది. మెషీన్లు వచ్చాక అది పోయింది. 14 మెషీన్ల ఓట్లు కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్ పెడతామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించినా కేంద్రం ఒప్పుకోలేదు. అందుకే ‘ఆ బూత్ మనకు వేయలేదు, ఆ వీధికి రోడ్డు ఆపండి’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకే కులం వాళ్లుండే చిన్న గూడెంలో, తండాలో ఆ భయానికి అర్థముంది. మండల కేంద్రంలో వెయ్యి మంది దాకా ఓటేసే బూత్‌లో మీ ఒక్క ఓటును పట్టుకోవడం ఏ సంఘానికీ సాధ్యం కాదు.

ఆ ఫారం-20ని మీరే వాడుకోండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో గత అసెంబ్లీ ఎన్నికల పట్టిక దొరుకుతుంది. నియోజకవర్గం ఎంచుకుని, మీ కులం వాళ్లు ఎక్కువగా ఉన్న మూడు నాలుగు బూత్‌ల నంబర్లు వెతకండి. ఎన్నికకూ ఎన్నికకూ నంబర్లు మారుతుంటాయి కాబట్టి స్కూలు పేరుతో సరిపోల్చుకోండి. గతసారి ‘మనోళ్లంతా ఒకే మాట మీద ఉన్నారు’ అని చెప్పిన బూత్‌లోనే ఓట్లు ఎలా చీలాయో అక్కడ కనబడుతుంది. చాలాచోట్ల గంపగుత్త అనేది మైకులో ఉన్నంతగా మెషీన్‌లో ఉండదు. ఒక జాగ్రత్త: ఒకే బూత్‌లో నాలుగైదు కులాలు కలిసి ఉంటే ఆ అంకెల నుంచి ఏ ఒక్క కులం గురించీ తేల్చలేం.

ఆ మాటకొస్తే, సంఘాలు చెప్పే ‘మన ఓట్లు 30 వేలు’ అనే లెక్కకు ఆధారమేమిటని ఒకసారి అడిగి చూడండి. ఓటర్ల జాబితాలో కులం గడి లేదు. జనగణనలో అన్ని కులాలనూ లెక్కపెట్టి అంకెలు ప్రచురించింది చివరిసారిగా 1931లో. తెలంగాణ 2024లో ఇంటింటి సర్వే చేసినా, ఏ బూత్‌లో ఏ కులం ఓట్లెన్ని అన్న లెక్క అందులో బయటికి ఇవ్వలేదు. బూత్ కార్యకర్తలు ఇంటిపేర్లు చూసి వేసుకున్న అంచనాలే టికెట్ల సమయానికి అంకెలవుతాయి. అన్ని సంఘాలు చెప్పేవీ కూడితే ఏ నియోజకవర్గంలోనైనా ఉన్న ఓటర్ల కంటే ఎక్కువ మందే తేలతారు!

ఇక కులం చూసి వేయడం తప్పా అన్న ప్రశ్న. చట్టం మీ మనసులోని కారణాన్ని పట్టించుకోదు. అది పట్టించుకునేది అడిగేవాడిని. అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, వాళ్ల సమ్మతితో మరొకరు గానీ మతం, కులం, భాష పేరుతో ఓటు అడిగితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద అది అవినీతి చర్య. అభ్యర్థి కులమే కాదు, ఓటరు కులం పేరు చెప్పి అడిగినా ఇదే వర్తిస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 మెజారిటీతో తేల్చింది. అయితే దాన్ని రుజువు చేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, అభ్యర్థి సమ్మతి ఉందని సాక్ష్యం చూపాలి. అందుకే వనభోజనాల తీర్మానాలు నిక్షేపంగా సాగిపోతున్నాయి. ఎన్నికల షెడ్యూల్ వచ్చాక అయితే ఎన్నికల ప్రవర్తనా నియమావళి కింద ఫిర్యాదు చేయవచ్చు. దానికి సీ-విజిల్ యాప్ ఉంది, 1950 నంబరు ఉంది.

చట్టం సరే, నీతి మాటేమిటి? కులాన్ని లెక్కలోకి తీసుకోవడం దానికదే తప్పని మేం అనం. కులం వల్ల బతుకులో తేడా వచ్చే చోట అది ఓటులోకి రాకుండా ఎలా ఉంటుంది? ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను ఉపకులాల మధ్య పంచడం, చూడండి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. ఉమ్మడి రాష్ట్రం 2000లో చేసిన చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల తీర్పు వర్గీకరణకు దారి తెరిచింది. 2025లో తెలంగాణ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతంగా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతంగా పంచాయి. ముప్పై ఏళ్ల పాటు ఒక మాదిగ ఓటరో, మాల ఓటరో ‘ఈ పార్టీ దీని మీద ఏమంటోంది’ అని అడిగి ఓటేశారంటే దాన్ని కులపిచ్చి అనలేం. ఉద్యోగం, సీటు లెక్క అది. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ చట్టాలు తెచ్చిన ముఖ్యమంత్రులు ఆ కులాల వాళ్లు కారు. పని జరిపించింది కులపోడు కుర్చీలో కూర్చోవడం కాదు, రాతపూర్వకమైన కోరిక ఒకటుండటం, దాన్ని ఏ పార్టీ వచ్చినా వదలకపోవడం.

దీనికి ఎదురుగా మరో ఉదాహరణ. తెలంగాణలో మద్యం దుకాణాల్లో 15 శాతం గౌడ్లకు రిజర్వు చేశారు. 2023లో మొత్తం 2,620 దుకాణాలుంటే గౌడ్ల వాటా 393. వినడానికి కులానికి పెద్ద మేలు. కానీ అప్పుడు దరఖాస్తు రుసుమే 2 లక్షలు, లాటరీలో రాకపోయినా తిరిగి రాదు. 2025కి అది 3 లక్షలైంది. దుకాణం వచ్చాక కట్టాల్సిన ఏడాది పన్ను జనాభాను బట్టి 50 లక్షల నుంచి కోటీ 10 లక్షల దాకా. మోకు భుజాన వేసుకుని పొద్దున్నే తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ఈ లాటరీలో చీటీ వేయగలడా? అతనికి కావాల్సింది చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే కిట్టు (2024 జులైలో ‘కాటమయ్య రక్షక కవచం’ పేరుతో వాటి పంపిణీ మొదలైంది), పడితే ఆలస్యం లేకుండా వచ్చే పరిహారం, చెట్లు నరికేయకుండా సొసైటీకి రక్షణ. ఒకే కులం, రెండు వేరు వేరు అవసరాలు. మీ సంఘం ‘మన కులానికి మేలు’ అన్నప్పుడల్లా మీరు మనసులో వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: మనలో ఎవరికి? కల్యాణమండపం స్థలం, కార్పొరేషన్ చైర్మన్ పదవి, సెంటర్లో విగ్రహం, వీటిలో ఏది మీ వీధికి చేరింది? చైర్మన్ ప్రమాణ స్వీకారం ఫొటోలు అందరికీ పంపుతారు. ఆ కార్పొరేషన్ మీ మండలంలో ఎంతమందికి రుణం ఇచ్చిందో ఎవరూ పంపరు.

‘మనోడుంటే స్టేషన్‌లో మన మాట చెల్లుతుంది’ అనే వాదన అన్నిటికంటే బలమైనది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఎమ్మార్వో ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో, ఆస్పత్రి సిఫార్సు లెటర్ దగ్గర పలుకుబడి లేని మనిషికి నిజంగానే పని జరగదు. అందుకే దీన్ని పరీక్షకు పెట్టండి. ఆ అభ్యర్థి పదవిలో గానీ, పార్టీ ఇన్‌చార్జిగా గానీ ఉన్న కాలంలో మీ కులంలోనే డబ్బులేని ఇళ్ల వాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, ఏ పార్టీ జెండా మోయనివాళ్లు ఎవరైనా అతని గడప తొక్కారా, పని అయిందా? నాలుగు ఇళ్లు అడగండి చాలు. సంఘం అధ్యక్షుడిని అడగొద్దు, ఆయనకు గడప దాటే అవసరమే లేదు, ఆయన లోపలే కూర్చుంటాడు. మీ కులం వాడికీ మీ కులం వాడికీ మధ్య గొడవ వచ్చినప్పుడు అతను ఎవరి పక్షం నిలబడ్డాడో కూడా కనుక్కోండి. ఆ ఒక్క సంగతితోనే చాలా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ కులం పనికిరాదు.

మరో సంగతి. సభలో బిల్లుపై ఓటు వేయాల్సి వస్తే ఎమ్మెల్యే తన కులం అడిగినట్టు వేయలేడు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల పార్టీ విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదంటే పదవి పోతుంది. కాబట్టి రిజర్వేషన్లు, పథకాలు, కార్పొరేషన్లకు నిధుల వంటి వాటికి చూడాల్సింది పార్టీ మేనిఫెస్టోనూ, గతంలో ఆ పార్టీ చేసినదాన్నీ. అభ్యర్థి మనిషిగా చేయగలిగేది ప్రశ్నలు వేయడం, సమీక్షల్లో అధికారులను నిలదీయడం, సిఫార్సులు, స్థానిక పనులు తేవడం. ఈ రెండింటినీ విడివిడిగా తూచండి.

కులం పక్కనపెట్టి మనుషుల్ని తూచడం మనవాళ్లకు చేతకాదనే మాట కూడా నిజం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 19 ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానాలున్నాయి. తిరువూరు, కొడుమూరు, అమలాపురం, అందోలు, స్టేషన్ ఘన్‌పూర్ వంటి చోట్ల నిలబడేవాళ్లందరూ ఎస్సీలే. ఓటర్లలో ఎక్కువ మంది వేరే కులాల వాళ్లు. వాళ్లంతా ప్రతిసారీ మనిషినో పార్టీనో చూసే నిర్ణయించుకుంటున్నారు. అలాగే రెండు పెద్ద పార్టీలూ ఒకే కులానికి టికెట్ ఇచ్చిన జనరల్ సీట్లలోనూ అంతే. మీ దగ్గర ముగ్గురు అభ్యర్థుల్లో ఇద్దరు మీ కులమే కాబట్టి, ‘మనోడు’ అనే మాట మీ దగ్గరా ఇప్పటికే సగం చెల్లని నాణెమైంది. హెడ్‌మాస్టర్‌గారు మనోడు కాడా అని వనభోజనాల్లో ఎవరూ అడగలేదేమో!

ఇప్పుడు కేసుల విషయం. పుకార్లతో పనిలేదు. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం-26 అఫిడవిట్ ఇవ్వాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోని అభ్యర్థుల అఫిడవిట్ల విభాగంలోనూ, ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్‌లోనూ పెడతారు. పాత ఎన్నికలవి ‘మైనేతా’ సైట్‌లో దొరుకుతాయి. నామినేషన్ల ఉపసంహరణ గడువుకూ పోలింగ్‌కూ మధ్య కనీసం 14 రోజులుంటాయి కాబట్టి చదవడానికి సమయం సరిపోతుంది. ముగ్గురివీ ప్రింట్ తీయించండి. పేరు, ఇంటిపేరు, పార్టీ ఉన్నచోట కాగితం అంటించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవండి. ఇది పిల్లచేష్టలా అనిపించవచ్చు గానీ, పేరు కనబడకపోతే మన కన్ను ఎంత కఠినంగా చూస్తుందో అప్పుడే తెలుస్తుంది.

కేసుల పట్టికలో సంఖ్య చూసి ఆగిపోకండి, సెక్షన్లు చూడండి. ధర్నాలు, రాస్తారోకోలు చేసే నాయకుల మీద పాత ఐపీసీ 143, 188, 341 కుప్పలుగా ఉంటాయి. ప్రతిపక్షంలో ఉన్నవాడికి పది కేసులున్నా అన్నీ ఈ రకమే కావచ్చు. 420 మోసం, 406 నమ్మకద్రోహం, 506 బెదిరింపు, 354 మహిళ గౌరవానికి భంగం, 307 హత్యాయత్నం వేరే జాతి. 2024 జులై 1 తర్వాతి కేసులైతే భారతీయ న్యాయ సంహిత నంబర్లుంటాయి: మోసం 318, నమ్మకద్రోహం 316, బెదిరింపు 351, హత్యాయత్నం 109. చెక్ బౌన్స్ అయితే 138 అని ఉంటుంది. ఒకటి రెండుంటే వ్యాపారంలో మామూలే అనుకోవచ్చు, వరసగా ఉంటే అప్పులిచ్చినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. సెక్షన్ పక్కనే కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అనే గడి ఉంటుంది. ‘అవును’ అని తేదీ ఉంటే, కోర్టు ప్రాథమికంగా చూసి విచారణకు తగిన కేసని తేల్చిందన్నమాట. ఎఫ్‌ఐఆర్ దశలోనే ఉన్నదానికీ దీనికీ చాలా తేడా.

సుప్రీంకోర్టు 2018 తీర్పు ప్రకారం కేసులున్న అభ్యర్థి ఆ వివరాలు పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. 2020 తీర్పు ఇంకో మెట్టు ఎక్కి, కేసులు లేనివాళ్లను కాదని ఇతన్నే ఎందుకు ఎంచుకున్నామో పార్టీ తన వెబ్‌సైట్‌లో రాయాలంది. గెలుస్తాడు కాబట్టి అనే కారణం చెల్లదు. ఆ కారణాల పత్రం చదవండి. ‘ప్రజాసేవలో పేరున్న నాయకుడు, రాజకీయ కక్షతో పెట్టిన కేసులు’ అనే రెండు వాక్యాలు తప్ప ఇంకేమీ లేకపోతే పార్టీ మీకు సమాధానం ఇవ్వలేదనే అనుకోండి.

ఆస్తుల పట్టికలో మొత్తం ఒక్కటే చూసి నోరు తెరవకండి. పొలానికి వారసత్వమా కొన్నదా, కొంటే ఎప్పుడు, ఎంతకు అనే గడులుంటాయి. గత అఫిడవిట్ తర్వాతి తేదీతో కొన్నవి విడిగా రాసుకుని, మొదట్లో ఉండే ఐదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల అంకెలతో పోల్చండి. ఏడాదికి 6 లక్షల ఆదాయం చూపిన ఇంట్లో ఐదేళ్లలో 4 కోట్లతో కొన్న భూమి ఉంటే ఆ తేడా ఎక్కడిదని అడగాలి. భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లల గడులు తప్పకుండా చూడండి. ప్రభుత్వ కాంట్రాక్టుల గడి కూడా ఉంది. అఫిడవిట్ పట్టుకోలేనిదీ ఉంది: బావమరిది పేరు మీది క్వారీ అందులోకి రాదు. దానికి ఊరి సమాచారమే దిక్కు. కాబట్టి ఆస్తులు లేవని రాసిన కాగితాన్ని నిజాయితీకి రుజువుగా తీసుకోవద్దు.

వేరే కులం అభ్యర్థికి ఉన్న ‘పనిమంతుడు’ అనే పేరును కూడా ఇంతే కఠినంగా చూడాలి. కులం చూడనని పట్టుబట్టి ఎదుటివాడిని గుడ్డిగా నమ్మడం మాకు తరచూ కనిపించే పొరపాటు. అతను చేశానని చెప్పే పని ఒకటి, మీకు తెలిసిన రోడ్డో చెరువు కట్టో తీసుకోండి. శిలాఫలకం మీద తేదీ చూడండి. ఎన్నికల ముందు నెలలో వేసి గడ్డి మొలిచిన ఫలకాలు ప్రతి మండలంలోనూ ఉంటాయి. పని మంజూరైన తేదీ, అంచనా, చెల్లించిన బిల్లు ఇవ్వమని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి కాబట్టి షెడ్యూల్ వచ్చేదాకా ఆగొద్దు. పంచాయతీ పనులైతే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో చెల్లింపుల వివరాలు ఉంటాయి.

హెడ్‌మాస్టర్‌గారి సంగతి క్లిష్టం. మన పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. ఆయన మూడో స్థానంలో ఉంటారనుకుంటే, మీకు అసలు నచ్చనివాడు గెలవకుండా ఆపడమా, ఆయన వంటి మనిషికి ఓట్లు పడ్డాయని చూపడమా అన్నది మీరే తేల్చుకోవాలి. మొదటి ఇద్దరిలో మీకు పెద్ద తేడా కనిపిస్తే వాళ్లలో ఒకరికి వేయడం, కనిపించకపోతే ఆయనకు వేయడం మేమిచ్చే సలహా. నిలబడటం వెనక ఎవరున్నారో కూడా కనుక్కోండి. ఒక కులం ఓట్లు చీల్చడానికే అదే కులం వాడికి ఖర్చులిచ్చి నిలబెట్టడం కొత్త కాదు. నోటా 2013 నుంచి ఉంది గానీ, దానికి అందరికంటే ఎక్కువ పడినా తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తాడు.

నాన్నగారి దగ్గర వాదన పెట్టుకోవద్దు. ఆయన మాటిచ్చింది నలుగురి ముందు. నలుగురి ముందే తప్పని చెబితే మొండికేస్తారు. ఇంట్లో, ప్రచారం వేడెక్కక ముందే, ‘నాన్నా, మీ మాట మీ ఓటుతో నిలబెట్టుకోండి. నా ఓటు గురించి అడక్కండి, మీది నేనూ అడగను’ అంటే చాలు. అబద్ధం చెప్పాల్సిన పనిలేదు. సంఘం వాళ్లు అడిగితే సిరా వేలు చూపించి ‘వేశానండీ’ అనండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క రాయకండి, స్క్రీన్‌షాట్ ఎప్పటికీ పోదు. అమెరికా నుంచి బాబాయి ఫోన్ చేసి ఒత్తిడి చేస్తే వినండి. ఆయన భారత పౌరసత్వం వదులుకోకుండా ఫారం-6ఏతో ప్రవాస ఓటరుగా నమోదయి ఉన్నా, ఓటు వేయాలంటే మీ బూత్‌కే స్వయంగా రావాలి.

సంఘంలో మీకు చోటుంటే తీర్మానాన్ని వ్యతిరేకించడం కంటే దాన్ని మార్చే ప్రయత్నం చేయండి. కులం పేరు కింద ఉన్న నాలుగు అవసరాలు, అంటే వృత్తి సొసైటీ బకాయిలో, హాస్టల్ సీట్లో, శ్మశానానికి దారో, కాగితం మీద రాయించి ముగ్గురు అభ్యర్థులకూ ఇవ్వమనండి, సంతకం పెట్టిన జవాబులు అడగమనండి. ‘మనోడే కదా, మనోణ్ని అడగడమేంటి’ అని ఎవరైనా అంటే, ఆ తీర్మానం ఎవరి కోసమో మీకు అర్థమైనట్టే. ఓట్లు ముందే రాసిచ్చేసిన కులాన్ని ఏ పార్టీ పట్టించుకోదు. తనవాళ్లనుకుని ఒకటి, ఎలాగూ రారనుకుని మరొకటి వదిలేస్తాయి.

కవర్లు వస్తాయి, ఒట్లు వేయిస్తారు. డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ న్యాయ సంహిత 170వ సెక్షన్ కింద లంచమే, ఏడాది దాకా జైలు. దేవుడి పటం మీద చేయి వేయించి, మాట తప్పితే అరిష్టమని భయపెట్టడం 171 కింద అనుచిత ప్రభావం. దైవాగ్రహం కలుగుతుందని ఓటరును నమ్మించడం ఆ సెక్షన్‌లో అదే మాటగా ఉంది. కులం నుంచి వెలివేస్తామన్న బెదిరింపూ అందులోకే వస్తుంది. ఆ ఒట్టు మిమ్మల్ని కట్టేయదు.

నానమ్మగారి విషయంలో ఇప్పటినుంచే జాగ్రత్తపడండి. ఇంటి దగ్గర ఓటు 85 ఏళ్లు దాటినవాళ్లకు, లేదా 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉన్నవాళ్లకు మాత్రమే. ఆవిడ చూపు ఆ స్థాయిలో తగ్గి ఉంటే ధ్రువపత్రం తెచ్చుకుని, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం-12డి ఇవ్వవచ్చు. లేదంటే బూత్‌లో 49-ఎన్ నిబంధన కింద సహాయకుడిని తీసుకెళ్లవచ్చు. ఆ సహాయకుడు ఎవరన్నది నానమ్మ ఇష్టం, సంఘం ఇష్టం కాదు. 18 ఏళ్లు నిండాలి, ఆ రోజు ఒక్క ఓటరుకే సాయం చేయాలి, ఓటు రహస్యం బయటపెట్టనని డిక్లరేషన్ ఇవ్వాలి. సంఘం కుర్రాడు వరసగా వీధిలోని ముసలివాళ్లందరినీ తీసుకొస్తుంటే, రెండో మనిషి దగ్గరే ప్రిసైడింగ్ అధికారికి చెప్పి ఆపించవచ్చు. మీరే తోడు వెళ్లండి. అయితే వెళ్లాక నానమ్మ ఏ గుర్తు చెబితే ఆ మీటే నొక్కాలి, అది సంఘం చెప్పిన గుర్తే అయినా సరే.